కాళ్లు నేలకు ఆనేదాకా

నాకు కుదురు లేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఒకచోట కూర్చోను, కూర్చుంటే కాళ్లు ఊపుతాను, ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపే లేచిపోతాను. అన్నీ నిజమే. కానీ తప్పు నా స్వభావానిది కాదు, కుర్చీలది. నా ఎత్తు నాలుగో తరగతి పిల్లల దగ్గరే ఆగిపోయింది. చేతులూ కాళ్లూ పొట్టి, తల మాత్రం అందరి తలంత. ఏ కుర్చీలో కూర్చున్నా నా కాళ్లు గాల్లోనే ఉంటాయి. కాసేపటికి తొడల కింద తిమ్మిరెక్కి చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. నమ్మకం లేకపోతే ఎత్తైన బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని ఒక పూటంతా కూర్చుని చూడండి. మీ కుదురు ఏపాటిదో మీకే తెలుస్తుంది.

చిన్నప్పుడు నాకు నచ్చిన చోటు ఒక్కటే ఉండేది. మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మిషన్లు బాగుచేసే మెకానిక్. బడి వదలగానే నేను మిల్లుకు వెళ్లి ఆయన పని అయ్యేదాకా గోదాములో తిరిగేదాన్ని. హమాలీలు బియ్యం బస్తాలను పైకప్పు దాకా పేర్చేవాళ్లు. అంత ఎత్తుకు ఎక్కడానికి నిచ్చెన ఉండదు. పేరుస్తూ పేరుస్తూనే ఆ బస్తాలతో ఒక పక్కన మెట్లు కట్టుకుంటూ పోతారు. భుజం మీద బరువుతో ఎక్కాలి కాబట్టి ఏ మెట్టూ ఒక బస్తా మందానికి మించి ఉండదు. ఆ మెట్లు నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయేవి. ఎవరినీ అడగకుండా చివరిదాకా ఎక్కి, పైన కూర్చుని, కింద తిరుగుతున్న అందరి నడినెత్తులూ చూసేదాన్ని. తవుడు దుమ్ముతో జుట్టు తెల్లబడేది. అక్కడ నన్నెవరూ ఎత్తుకునేవారు కాదు. వాళ్ల చేతులు ఖాళీగా ఉంటే కదా.

మిగతా లోకంలో మాత్రం అందరి చేతులూ ఖాళీనే.

సూర్యాపేటలో పాలిటెక్నిక్‌లో చేరాక రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో వెళ్లేదాన్ని. బస్సు మొదటి మెట్టు నా తొడ మధ్యకు వచ్చేది. పక్క కడ్డీ పట్టుకుని, మోకాలు పైకి పెట్టి, ఒళ్లు ఒక పక్కకు తిప్పి ఎక్కగలను. దానికి కాస్త టైం కావాలి. ఆ కాస్త టైం నాకెవరూ ఇచ్చేవారు కాదు. వెనక నుంచి రెండు చేతులు వచ్చి సంకల కింద పట్టి నన్ను లోపల పెట్టేసేవి. ఒకరోజు కండక్టరు, ఒకరోజు పాలక్యాను ఆయన, ఒకరోజు మా కాలేజీ పిల్లలే. ఎత్తే ముందు ఎవరూ అడగరు. ఎత్తిన తర్వాత మాత్రం పాపం అంటారు. ఇంకే ఆడపిల్లనైనా అలా పట్టుకుంటే బస్టాండంతా కలిసి వాడి వీపు చీరేసేది. నన్ను పట్టుకుంటే పుణ్యం. నాకు ఒళ్లు మండిపోయేది. రాత్రి స్నానం చేస్తున్నప్పుడు కూడా సంకల కింద ఆ వేళ్లు ఉన్నట్టే అనిపించేది.

ఒకరోజు డ్రాయింగ్ పరీక్ష. చేతిలో చార్టు చుట్ట, చంకలో గీతలు గీసే పొడుగాటి టీ స్కేలు పెట్టుకుని బస్సు ఎక్కబోతున్నాను. మా నాన్న వయసు మనిషి ఒకాయన వెనక నుంచి నన్ను ఎత్తాడు. చార్టు నాకూ తలుపుకూ మధ్య నలిగిపోయింది. లోపల దిగీ దిగగానే వెనక్కి తిరిగి టీ స్కేలుతో ఆయన మోకాలి మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను.

"సాయం జేస్తే కొడ్తవేంది బిడ్డా" అన్నాడాయన మోకాలు పట్టుకుని. ఆయన ముఖంలో కోపం లేదు, నిజంగా నొచ్చుకున్నాడు. బస్సులో వాళ్లంతా నా మీదికి లేచారు. ఒక పెద్దావిడ, "పొట్టిదానికి పొగరు జూడు" అంది. ఎందుకు కొట్టానో నాకు తెలుసు, కానీ అది ఒక వాక్యంగా నోటి నుంచి రాలేదు. సూర్యాపేట దాకా నిలబడే వెళ్లాను.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా మిల్లుకు వెళ్లాను. నలిగిన చార్టు వెనక వైపు ఒక పీట బొమ్మ గీశాను. ఎత్తు ఎంతుండాలో ఆలోచించాల్సిన పని లేకపోయింది. గోదాములోకి పోయి బస్తా మందం కొలుచుకొచ్చాను. పీటకు ఒక పక్కన రంధ్రం, రంధ్రానికి తాడు. నేను ఎక్కాక తాడు లాగితే పీట నా వెంట పైకి రావాలి. నా జీవితంలో మొదటి డిజైన్ అదే. సమాజం మీద ప్రేమతో గీసింది కాదు. కోపంతో గీసింది.

మా వీధి చివర వడ్రంగం చేసే వడ్లాయన దాన్ని తేలిక చెక్కతో చేసిచ్చాడు. మర్నాడు బస్టాండులో పీట వేసి, ఎక్కి, తాడు లాగుతుంటే కండక్టరు నోరు తెరిచాడు.

"ఏందిది, గొర్రెపిల్లను గుంజినట్టు గుంజుతున్నవ్. బండి లేటయితది."

"లేటయితే కానీ అన్నా. నేనెక్కినంక పోదం" అన్నాను.

వారం తిరగకముందే ఇంకో తలనొప్పి మొదలైంది. మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, కూరగాయల గంపల వాళ్లు నా పీట కోసం కాచుకోవడం మొదలుపెట్టారు. "జర గా పీట ఆడనే ఉంచు బిడ్డా, నేను గూడ ఎక్కుత" అనేవారు. అందరూ ఎక్కాక, పీట గల నేను చివర ఎక్కేదాన్ని. సీటు ఒక్కరోజూ దొరికేది కాదు. తిట్టుకుంటూనే నిలబడేదాన్ని గానీ, ఆ తిట్టుకోవడంలో ఏదో సంతోషం కూడా ఉండేది. ఎత్తు సమస్య నా కాళ్లది కాదు, మెట్టుది అని అంతమంది రోజూ నా కళ్ల ముందే రుజువు చేస్తున్నారు.

తర్వాత హైదరాబాదులో డిజైన్ కోర్సు చదివాను. అక్కడి బల్లలూ నన్ను ఎగతాళి చేసినవే. చదువయ్యాక సూర్యాపేటలో ఒక షెడ్డు కిరాయికి తీసుకున్నాను. ఒక వెల్డర్‌ను, ఒక వడ్రంగిని పెట్టుకుని, బడుల్లో పిల్లలకు అందే నీళ్ల నల్లాలు, ఆఫీసు కౌంటర్ల ముందు వేసే మెట్లు, కాళ్లు నేలకు ఆనే బెంచీలు చేస్తుంటాను. ఇది సేవ కదా, కాస్త తగ్గించుకోమ్మా అంటారు కొనేవాళ్లు. మా వెల్డర్ ఇంట్లో కూడా పొయ్యి వెలగాలని వాళ్లకు గుర్తుచేస్తుంటాను. ఒకసారి ఒక సంఘం వాళ్లు సన్మానమని పిలిచారు. స్టేజీకి మెట్లు పెట్టడం మరిచిపోయారు. ఇద్దరు కార్యకర్తలు నన్ను అమాంతం ఎత్తి పైన పెట్టి, శాలువా కప్పి, ఆత్మవిశ్వాసానికి నిలువెత్తు రూపం అన్నారు. ఆ రోజు నా చేతిలో టీ స్కేలు లేకపోవడం వాళ్ల అదృష్టం.

ఇక మొన్నటి సంగతి. నేను చాలాకాలంగా దవాఖానల్లోని పరీక్ష బల్లల మీద పగబట్టి ఉన్నాను. డాక్టరు వంగకుండా చూడాలని వాటిని ఎత్తుగా చేస్తారు. నడుం నొప్పి అని వచ్చిన మనిషి దాని మీదికి ఎట్లా ఎక్కాలో ఎవరికీ పట్టదు. ఆయా వచ్చి సంకల కింద చేతులు వేసి లేపుతుంది. నేను మూడు మెట్ల పీట ఒకటి చేశాను. మెట్టు బస్తా మందమే, పట్టుకోవడానికి పక్కన కడ్డీ, పైమెట్టు వెడల్పు. దాన్ని తీసుకుని ఎన్ని దవాఖానలు తిరిగానో. చివరికి కోదాడలో ఒక చిన్న దవాఖాన నడిపే డాక్టరమ్మ, ఒక్క ఉదయం పెట్టి చూస్తానంది.

"కానీ లైను ఆగితే మాత్రం తీసేస్తానమ్మా. బయట ఎంతమంది ఉన్నారో చూశావుగా" అంది.

"ఆగదు మేడం" అన్నాను. ఆ గదిలో నా పీట నిలబడితేనే మిగతా దవాఖానలు తలుపు తీస్తాయి. లేకపోతే మళ్లీ బెంచీలే.

మొదట వచ్చిన వాళ్లు చకచకా ఎక్కారు. నేను తలుపు పక్కన అటూ ఇటూ తిరుగుతూ, డాక్టరమ్మ ముఖం చూస్తూ, గోడ గడియారం చూస్తూ ఉన్నాను. అప్పుడొచ్చింది చిలుకూరు నుంచి ఒక ముసలమ్మ. చేతిలో గుడ్డసంచి, మోకాళ్లు రెండూ బయటికి వంగి ఉన్నాయి. కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద ఒక కాలు పెట్టింది. అక్కడ ఆగిపోయింది. ఊపిరి తీసుకుంటోంది. ఇంకో కాలు కదలడం లేదు. బయట ఎవరో దగ్గారు, ఎవరో తలుపు తోసి లోపలికి తొంగిచూశారు. డాక్టరమ్మ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. ఆయా నా వైపు చూసింది.

ఇక ఆగలేకపోయాను. వెళ్లి, వెనక నుంచి ఆమె నడుము కింద రెండు చేతులూ వేసి పైకి నెట్టబోయాను.

ముసలమ్మ వెనక్కి తిరగలేదు. "పట్టుకోమాక బిడ్డా" అంది. గొంతులో కోపం లేదు. "పడితే నేనే గదా పడేది. జర ఆగు, ఎక్కుతున్నా."

చేతులు తీసేశాను. ఆ వేళ్లు నాకు బాగా తెలుసు. బస్టాండులో రోజుకొకరివిగా నా సంకల కింద దిగిన వేళ్లే. అవి నా చేతులకు కూడా ఉంటాయని అనుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంతకంటే ఎక్కువ, ఆమె అన్న మాట మీద అసూయ పుట్టింది. ఆ రోజు బస్సులో నాకు దొరకని వాక్యం అదే.

ఆమె తన టైం తను తీసుకుని ఎక్కింది. పరీక్ష చేయించుకుంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఆలస్యమైతుందిగా మరి" అంది నాతో.

"అయితది మేడం. ఆమెనే ఎక్కాలంటే అంత పడతది" అన్నాను.

డాక్టరమ్మ పీట వైపు కాసేపు చూసి, "కొన్నాళ్లు ఉండనీ, చూద్దాం" అంది.

ముసలమ్మ మెట్టు తర్వాత మెట్టు దిగి, మందుల చీటీ సంచిలో పెట్టుకుంది. తలుపు దగ్గర నన్ను చూసి ఆగింది. "నిలబడ్డవేంది బిడ్డా. నీ వంతే గదా, ఎక్కు" అంది.

ఆయా నవ్వు ఆపుకుంటోంది. నేను పేషెంటును కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. వెనక నుంచి చేతులు పడతాయని నా వీపు అలవాటు కొద్దీ బిగుసుకుంది. ఏ చెయ్యీ పడలేదు. ముసలమ్మ సంచి రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, ఎక్కడికీ తొందర లేనట్టు, నేను ఎక్కేదాకా అక్కడే నిలబడింది.

"ఎక్కినవ్ గదా" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆయా బయటికి పోయి తర్వాతి పేరు పిలిచింది. నేను దిగాలి. కానీ కాసేపు బల్ల అంచు మీదే కూర్చున్నాను, దిగలేదు. నా కాళ్లు పైమెట్టు మీద ఆని ఉన్నాయి.