రైట్ అన్నదెవరు

పల్నాట్లో సిటీ బస్సులు తిరగవు. మాకున్నది పల్లెవెలుగు. ఊరూరా ఆగుతూ, మేకపిల్లనూ కొత్త పెళ్లికూతుర్నీ పక్కపక్కన కూర్చోబెట్టుకుని పోయే బండి. అందులో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి గనక ఒక మాట చెప్పే హక్కు నాకుంది. బస్సును డ్రైవరు నడుపుతాడని జనం అనుకుంటారు గానీ, దాన్ని నడిపేవి రెండు మాటలు. 'రైట్' అంటే కదలాలి, 'హోల్డాన్' అంటే ఆగాలి. జనం కిక్కిరిసి ఉంటే స్టీరింగు ముందు కూర్చున్నవాడికి వెనక తలుపు ఎక్కడ కనపడుతుంది? అద్దంలోకి చూస్తే ఎవరి భుజమో, ఎవరి బస్తానో కనపడుతుంది. పాపం, వాడు చెవుల మీద ఆధారపడి బతుకుతాడు.

నరసరావుపేటలో మా పక్కింటి నౌషాద్ అలా బతికినవాడే. మొదట మిర్చి లారీలు నడిపాడు. తర్వాత బస్సు డ్రైవరయ్యాడు. నాకు వరస కాకపోయినా బాబాయ్ అని పిలుస్తాడు. అన్నం వడ్డించేటప్పుడు కూడా వాడు 'చాలు' అనడు, 'హోల్డాన్' అంటాడని వాడి భార్య సాజిదా నవ్వేది.

ఆ సీట్లో కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఎండాకాలం మా పల్నాటి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, దానికి తోడు పక్కనే ఇంజను సెగ. నీళ్లు తాగితే మధ్యలో దిగడానికి వీలుండదు, తాగకపోతే మూత్రపిండాల్లో రాళ్లు. నౌషాద్‌కు రెండుసార్లు రాళ్లు తీశారు. నెమ్మదిగా పోతే "ఏంది, ఇది బస్సా ఎడ్లబండా?" అంటారు. కాస్త ముందుకు పోయి ఆపితే వాడి ఏడు తరాల్నీ తలుచుకుంటారు. అన్నీ విని వాడు రోడ్డు వైపే చూస్తాడు. చెయ్యగలిగింది అదొక్కటే.

ఆడవాళ్లకు టికెట్టు లేదన్నాక బస్సుల్లో జనం మరీ పెరిగారు. నేను కాదనను, మా ఆవిడా అలాగే ఎక్కుతోంది. కానీ కండక్టరు బెంజిమిన్ ఒక్కొక్కరి ఆధార్ కార్డూ చూసి సున్నా టికెట్టు కొడుతూ బస్సు నడుమ ఇరుక్కుపోతే తలుపు దగ్గర ఎవరున్నారు? జనమే. దిగేవాళ్లు దిగాక తలుపు దగ్గరివాళ్లు 'రైట్' అంటారు, నడుమనున్నవాళ్లు అందుకుని 'రైట్ రైట్' అంటారు, అది ముందుకు చేరుతుంది, బండి కదులుతుంది. ఏ రూల్సులోనూ లేని పద్ధతి ఇది. అయినా మా బస్సులన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

ఆ రోజు మాచవరం రూటులో, మిర్చి కోతల కాలంలో, బస్సు నిండా కూలీలు. సుబ్బరత్నం అనే పెద్దావిడ గోంగూర కట్టలు అమ్ముకుని, ఖాళీ గంపతో వాళ్ల ఊరి స్టాపులో దిగుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాలిలో. సరిగ్గా అప్పుడు డ్రైవరు సీటు వెనక నిలబడ్డ ఆనంద్ ఫోన్ ఎత్తాడు. మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తా వాడు. అవతలివాడు ఏం చెప్పాడో గానీ, ఇవతల వీడు, "ఆఁ... రైట్. రైట్ రైట్," అన్నాడు.

నౌషాద్ చెవికి కావలసిన మాట అదే. గేరు వేశాడు.

పెద్దావిడ రోడ్డు మీద పడింది. కేకలు విని నౌషాద్ దూకి పరుగెత్తాడు. వాడే ఆమెను లేపి ఒళ్లో పడుకోబెట్టుకున్నాడట. "నేనింకా దిగలేదు కదా నాయనా," అని మాత్రం అందట ఆమె. తుంటి ఎముక విరిగింది.

కేసు రాశారు. నౌషాద్‌ను సస్పెండ్ చేశారు. విచారణ మొదలైంది. బెంజిమిన్ తాను రైట్ అనలేదన్నాడు. అది నిజమే. తలుపు దగ్గరివాళ్లూ అనలేదన్నారు. అదీ నిజమే. తన సీటు వెనక నుంచి రైట్ అని వినపడ్డాకే గేరు వేశానని నౌషాద్ చెప్పాడు. అక్కడ నిలబడ్డది ఆనంద్ గనక, నేనే వాళ్ల కొట్టుకు వెళ్లాను.

"నా ఫోన్లో నేను రైట్ అనుకోవడం గూడా తప్పేనా పెద్దాయనా?" అన్నాడు.

"తప్పని ఎవరన్నార్రా? ఆ మాట అన్నానని చెప్పు, చాలు."

"చెబితే కేసు నా మెడకు చుట్టుకుంటది. నేనేమీ అనలేదనే చెబుతా." అన్నట్టే చెప్పాడు కూడా.

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడి కళ్లల్లో భయం చూస్తే చెయ్యి రాలేదు. ఫోన్లో సరే అన్న పాపానికి జైలుకు పోతానని వణుకుతున్నాడు వెధవ. రోజూ అదే బస్సెక్కే మిగతావాళ్లకు ఆ గోలలో ఏమీ వినపడలేదట.

విచారణ చేసిన ఆఫీసరు మంచివాడే. "ఎవరో రైట్ అన్నారని ఇంకొక్క మనిషి చెబితే నీ మాటకు బలం వస్తుంది నౌషాద్. లేకపోతే నీ అంతట నువ్వే బండి కదిలించినట్టు అవుతుంది. అప్పుడు ఉద్యోగం నిలబెట్టడం నా చేతుల్లో ఉండదు," అన్నాడు. వాడికి స్టీరింగు తప్ప వేరే పని రాదు. నలభై ఐదు దాటాక కేసున్న డ్రైవరుకు లారీ అప్పగించేది ఎవరు?

ఆ ఇంకొక్క మనిషి సుబ్బరత్నమే అయితే? పడిన మనిషే చెబితే తిరుగేముంది? విచారణవాళ్లు మర్నాడు ఆమె దగ్గరికి వస్తారని తెలిసి, నౌషాద్ నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. దారి పొడుగునా ఆమెను ఎలా అడగాలో నాకు చెప్పి చూసుకుంటూనే ఉన్నాడు.

వార్డు బయట ఆమె కొడుకు బాబూరావు ఎదురొచ్చాడు. కౌలుకు మిర్చి వేసేవాడు.

"అన్నా, నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. మా అమ్మను ఆ మాట అడగొద్దు," అన్నాడు.

"ఉన్నది చెప్పమంటున్నా, అంతే కదా?"

"ఉన్నది చెబితే నష్టపరిహారం రాదంట. మూడో మనిషి అరిచాడు, మా డ్రైవరు తప్పు లేదని బస్సువాళ్లు వాదిస్తారంట. కేసు ఏళ్లు నడుస్తదంట. మా ప్లీడరు చెప్పాడు. ఈ ఏడాది కాయలకు కోత కూలి గూడా రాలేదన్నా. అమ్మ ఇంక లేచి నడవదంట. దగ్గరుండి చూసే దిక్కు లేదు."

"మరి నా సంగతేంది బాబూరావ్? నాకూ పిల్లలున్నారు కదా?"

బాబూరావు తలుపుకు అడ్డం తప్పుకున్నాడు. ఆ ప్లీడరు చెప్పింది ఎంతవరకు నిజమో నాకు తెలియదు, కాదని చెప్పడానికి నేను చదివిన చదువు సరిపోదు. ఇలాంటి చోట నిలబడ్డప్పుడు మనిషిగా పుట్టినందుకే విసుగొస్తుంది.

లోపలికి వెళ్లాం. మంచానికి అతుక్కుపోయినట్టుంది సుబ్బరత్నం. నౌషాద్‌ను చూడగానే మొహం విప్పారింది.

"వచ్చావా నాయనా! ఉజ్జోగం తీసేస్తారంట గదా, ఇక్కడి నర్సమ్మ చెప్పింది. నువ్వు దిగులు పడమాక. రేపు వచ్చేవాళ్లకు నేను చెబుతా. ఎవుడో ముందు నుంచి రైట్ రైట్ అన్నాడు. నా చెవులారా విన్నా. నువ్వేం చేస్తావు పాపం!"

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఏ మాట కోసం వచ్చామో ఆ మాట, మేము అడక్కుండానే దొరికింది. బాబూరావు గుమ్మంలోనే ఆగిపోయి గోడ వైపు తిరిగాడు.

నౌషాద్ ఆమె కాలి వైపు చూశాడు. గోడ వైపు తిరిగిన కొడుకును చూశాడు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. నేను భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. వాడు పట్టించుకోలేదు.

"పెద్దమ్మా, ఆ మాట మీకు వినపడలేదు," అన్నాడు.

"ఏంది నాయనా, నాకు చెవుడనుకున్నావా?"

"జనం గోల చేస్తన్నారు. మీకేం వినపడలేదు. మీరు దిగుతుండగానే బండి కదిలింది. రేపు అడిగితే అట్నే చెప్పండి."

ఆమె కొడుకు కోసం చూసింది. బాబూరావు ఇటు తిరగలేదు. ఆమెకు ఏం అర్థమైందో, నౌషాద్ చెయ్యి పట్టుకుంది. గోంగూర కోసి కోసి నల్లబడ్డ వేళ్లు.

"మరి నువ్వు విన్నావు గదా నాయనా?"

"నేనూ వినలేదు పెద్దమ్మా," అన్నాడు నౌషాద్.