లాడ్ బజార్‌లో నా గాజులు

మాట నాది, ఫోన్‌లో కొట్టేది నా మనవరాలు.

దాని పెళ్లి గాజుల కోసం ఈ రోజు కోడలిని కూడా వెంటబెట్టుకుని ఆర్మూరు నుంచి హైదరాబాద్ లాడ్ బజార్‌కు వెళ్లాం. మా పసుపు పంట మంచి ధరకు అమ్ముడైన ఏడాది నా పెనిమిటి నన్ను అక్కడికే తీసుకెళ్లేవాడు. అప్పుడు కళ్ల ముందే లక్క కరిగించి గాజులు చేసేవారు. ఇప్పుడు అద్దాల షాపులు, సెల్ఫీలు దిగే పిల్లలు. గాజుల మెరుపు మాత్రం అదే.

ఆయన పోయి ఆరేళ్లు. అప్పటి నుంచి నా చేతులు బోసివే. పిల్లకు వేయడం అయ్యాక దుకాణదారు ముందు నా చెయ్యి చాపాను.

"నాగ్గూడ ఎయ్యి బిడ్డా, పచ్చయి."

కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, ఊర్లె ఏమంటరు?"

"ఏమంటరే? గాజులు నాకు పుట్టినకాడికెళ్లి ఉన్నయి. మీ మామ నడుమల వచ్చిండు."

దుకాణదారు నవ్వాపుకుంటూ, నా వేళ్లు మెత్తగా నొక్కి ఒక్కొక్కటే ఎక్కించాడు. తిరుగు బస్సులో కోడలే నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

ఊళ్లో తప్పనుకునేవాళ్లు రేపు మా ఇంటికొచ్చి నన్నే అడగండి. నా కోడలిని మాత్రం ఏమీ అనకండి, ఆమె వద్దనే చెప్పింది.