సత్తెమ్మత్త పెట్టించిన మంద

తొలకరి తడికి గొర్రెల పెంటికల వాసన లేస్తే ఊళ్లో అందరికీ ప్రాణం లేచొస్తుంది, నాకు మాత్రం గుండెల్లో దడ మొదలవుతుంది. మొన్న వాన వెలిసాక వాకిట్లో నిలబడితే అదే వాసన. మా పక్కింటి సత్తెమ్మత్త గుర్తొచ్చింది.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో, దేవరకొండ అవతలి ఈ ఊరికి నేను కోడలిగా వచ్చాను. అప్పుడు గుట్ట కింది ఊరుమ్మడి జాగా నిండా సర్కారు తుమ్మే. దాని నీడన గడ్డి కూడా మొలవదు. వేళ్లతో సహా పెకలించి మన చెట్లు పెంచుదామని మహిళా సంఘాన్ని లేపింది అత్త. పొయ్యిలోకి కట్టెలు నువ్వు తెస్తావా అని ఆడవాళ్లే ఆమెను ఆడిపోసుకున్నారు. పెద్దమనుషులు ఇంకో మెలిక పెట్టారు. ఒక్క వానకాలం చూస్తారట, చెట్లు మొలవకపోతే జాగాను కంకర మిషన్‌కు ఇచ్చేస్తారట. అదే జరిగితే దుమ్ముకు మొదట పోయేది గుట్టను ఆనుకుని ఉన్న మా చేనే. నాకు నిద్ర పట్టేది కాదు. అత్త మాత్రం ఎవరేమన్నా గడ్డపార వదల్లేదు.

తుమ్మ తీసిన నేలలో సారం లేదు. మా వైపు చేనుకు బలం రావాలంటే వేసవిలో గొర్రెల మంద పెట్టిస్తారు, మంద పడుకున్న చోట పెంటికలే ఎరువు. అత్త కూడా కాపరిని బతిమాలి ఆ జాగాలో మంద పెట్టించింది. తొలి వానకు వేప, మోదుగ, సీతాఫలం గింజలు జల్లాం.

కొన్నాళ్లకే నేలంతా పచ్చగా లేచింది. ఊరు ఊరంతా వచ్చి మెచ్చుకుంది. అందరూ వెళ్లాక అత్త ఒక మొలకను పీకి, ఆకులు విప్పి చూసింది.

"గిది మనం జల్లింది కాదు పిల్లా. తుమ్మే మల్ల మొలిచింది."

వేసవిలో గొర్రెలకు దొరికే మేత తుమ్మకాయలే. ఆ గింజలన్నీ పెంటికల్లో నేలకు చేరాయి. చేలో అయితే మొలిచింది నాగలి కింద పోతుంది గనక, తరతరాలుగా మంద పెట్టించుకునే ఊళ్లో ఒక్కరికీ ఆ ఊహ రాలేదు.

ఎవరికీ తెలియకుండా మనిద్దరమే పీకేద్దామన్నాను. అత్త వినలేదు. ఆ సాయంత్రమే పంచాయతీ ఆఫీసు ముందు అందరిలో నిలబడింది.

"మంద పెట్టిచ్చింది నేనే. తప్పు నాదే. తడి ఆరితే ఏర్లు లోపలికి దిగుతయి, ఇగ మనతోని కాదు. పొద్దుగాల జర రాండ్రి."

ఒకాయన కంకర మిషన్ మాట ఎత్తాడు. తెల్లవారి ఇద్దరమే బయల్దేరాం. వెనక ఎవరూ రావడం లేదేమోనని తిరిగి చూడడానికే భయమేసింది. ముందు కాపరి భార్య వచ్చింది, తర్వాత కట్టెల కోసం తిట్టినవాళ్లూ వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని పీకుతుంటే, తుమ్మ మధ్యన అక్కడక్కడా వేప, సీతాఫలం మొలకలు బయటపడ్డాయి. వాటినే చూపించి పెద్దమనుషులను ఇంకో ఏడాది గడువుకు ఒప్పించాం.

ఇప్పుడు అత్త లేదు. సంఘం బాధ్యత నాది. చెట్లు ఎదిగాయి, ఇంకేం ఫికర్ అంటారు అందరూ. కంకర మిషన్ వాళ్లు ఊరికి వచ్చిపోవడం మాత్రం ఆగలేదు. నిన్న సీతాఫలం చెట్ల అంచున, నేను చూసుకునే వైపే, తుమ్మ మొలకలు గుంపుగా కనిపించాయి. గుట్టుగా పీకి పారేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ రేపు సంఘం కూర్చుంటుంది, చెప్పాలి. ఇప్పటినుంచే నోరు ఎండిపోతోంది. ఆ సాయంత్రం అత్తకూ ఇలాగే ఎండి ఉంటుంది. అయినా పోయి నిలబడింది. నేనూ పోతాను.