రాణిగారి వీణ వేలు

నాకు కోపం ఎక్కువ. మంగళగిరిలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తుమ్మలవాగు జమీందారిణి కనకాంబాదేవి జీవితచరిత్ర రాయడానికి ఒప్పుకున్నాను. ఆడపిల్లలకు బడి కట్టించిన తల్లి. ఘోషా దాటి బయటికి రాకుండానే, పిల్లలు లేకుండానే, చిన్న వయసులో పోయింది. ఐదేళ్ళు తిరిగితే దొరికిన ఫోటో ఒక్కటే, బడి గోడ మీదిది. పట్టుచీర, కాసులపేరు, ఒళ్ళో పెట్టుకున్న ఎడమ చెయ్యి. ఆ చిటికెన వేలు కాస్త వంకర. దాని మీద నేను పేజీ నిండా రాశాను. వీణ సాధనలో వంగిన వేలట, కళాతపస్సుకు గుర్తట! ప్రూఫులు దిద్దుతుంటే నాకే ముచ్చటేసింది.

రాణిగారిని కళ్ళారా చూసిన మనిషి ఒక్కరైనా దొరక్కుండా పుస్తకం అచ్చుకి వదలకూడదని నా పట్టుదల. ఆ బడిలో ఆయాగా చేసిన పుల్లమ్మ పర్చూరు దగ్గర మిరప కల్లంలో ఉంటుందని చెప్పారు. వెళ్ళాను. ఎనభై అయిదేళ్ళ బక్క మనిషి గోనెపట్టా మీద కూర్చుని, ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పారేస్తోంది. నాకు తుమ్ముల మీద తుమ్ములు.

"ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోండమ్మగారూ. కొత్త కోడళ్ళకీ మొదట్లో ఇంతే," అంది.

ఫోటో తీసి చూపించాను. "ఈవిణ్ణి చూశారా?"

"చూడకపోవటమేంటి? ముప్పై రెండేళ్ళు ఆ అద్దం తుడిచింది నేనే. పంద్రాగస్టుకి దండ గుచ్చిందీ నేనే."

"ఫోటోని కాదండీ, మనిషిని!" అని కసిరాను. వేలు చూపించి వీణ సంగతి కూడా చెప్పాను. పుల్లమ్మ బోసినోటితో పడీపడీ నవ్వింది. చెయ్యి చీరకి తుడుచుకుని ఫోటో పక్కన పెట్టింది. అదే చిటికెన వేలు, అదే వంకర.

"నాకు వీణెక్కడిదమ్మా! జొన్న కోతలో కొడవలి దిగింది."

నా తుమ్ములు ఆగిపోయాయి.

బడిలో పెట్టడానికి రాణిగారి ఫోటో కావాలన్నారట. గుంటూరు నించి ఫోటోలు తీసే ఆయన వచ్చాడు. పరాయి మగాడి ఎదట రాణిగారు కూర్చోరు. ఆమె రవిక ఎవరికి సరిపోతుందా అని చూస్తే, గొడ్లచావిట్లో పేడ ఎత్తే పదహారేళ్ళ పుల్లమ్మకి సరిపోయింది. అంతవరకు కోట గడప తొక్కనివ్వని, ఊరవతల పేట పిల్ల.

"చీర ఆవిడే కట్టారమ్మా. తలా ఆవిడే దువ్వారు. మా అమ్మ పోయాక నా తల ఇంకెవరూ దువ్వలా. నేను బతికుండగా ఎవరికీ చెప్పబాకే అన్నారు. సరేనన్నా."

"ఆవిడ పోయి అరవై ఏళ్ళు దాటింది కదండీ! ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలా."

"బళ్ళో పంతుళ్ళు ఆ ఫోటోకి దణ్ణం పెట్టేవాళ్ళా?"

"పెట్టేవాళ్ళు. పెట్టి, పుల్లమ్మా, ఇక్కడ దుమ్ముందే అని నన్ను కేకలేసేవాళ్ళు."

ఆమె మళ్ళీ నవ్వింది. నాకు మాత్రం కళ్ళు నిండాయి. మిరప ఘాటు అనుకుందేమో, కొంగు ఇచ్చింది.

ఇక నాకు మిగిలిన ఆశ ఒక్కటే. "పోనీ, రాణిగారు ఎలా ఉండేవారో చెప్పండి. చూసినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే."

పుల్లమ్మ ఏరుడు ఆపలేదు. "ఆ మొకం ఎవరికీ కనపడకూడదనే గదమ్మా నన్ను కూర్చోబెట్టింది? ఇప్పుడు నేను నోటితో చెప్పేస్తే, ఆ రోజు కూర్చుని ఏం లాభం?"

బతిమాలాను, అరిచాను. ఊహూ. ఐదేళ్ళ నా పరిశోధన ఆ కల్లంలో తాలుకాయలా తేలిపోయింది. అయినా ఆ మనిషి ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది, మొక్కాను కూడా.

"ఊరుకోండమ్మా! చేతనైతే ఆ ఫోటో ఒకటి ఇప్పించండి. ఆధార్ కార్డులో బొమ్మ తప్ప నాకంటూ ఫోటో లేదు," అంది.

పుస్తకానికి ఖర్చు పెడుతున్నది రామకాంత్, రాణిగారి ఇంటికి దత్తత వచ్చినాయన మనవడు. సంగతి చెబితే, "అరవై ఏళ్ళుగా అందరూ నమ్మిన ఫోటో మేడమ్, అట్ట మీద ఉండనివ్వండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు తెలిసింది కదా బాబూ! అదే వేస్తానంటే నా పేరు తీసెయ్," అన్నాను. వారం రోజులు నా ఫోనెత్తలేదు. చివరికి దిగొచ్చాడు. అట్ట మీద బడి బొమ్మ వేశాం. ఫోటో లోపలి పేజీలోకి వెళ్ళింది, కింద 'పుల్లమ్మ, పదహారేళ్ళ వయసులో' అని రాశాం. వీణ పేజీ నేనే చించేశాను.

ఫోటోకి ఫ్రేమ్ కట్టించి పట్టుకెళ్ళాను. పుల్లమ్మ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంత జుట్టుండేదా నాకు!" అంది. తర్వాత మొహమాటంగా అడిగింది.

"అమ్మగారూ, ఇప్పుడు కంప్యూటర్లో ఏవేవో చేస్తారంట గదా. ఇందులో నగలు తీసేయించటం కుదురుద్దా?"

"ఎందుకండీ? ఎంత బాగున్నారో!"

"అయి నాయి కావు గదమ్మా. ఆ సాయంత్రమే విప్పి ఇచ్చేశా. రేపు నేను పోతే చర్చిలో జ్ఞాపకార్థ కూడికకి ఈ ఫోటోనే పెడతారు. దేవుడి ఎదట పరాయోళ్ళ నగలేసుకుని ఎట్టా కూర్చునేది?"

ఫోటో మళ్ళీ సంచిలో పెట్టుకుని మంగళగిరి బస్సెక్కాను.