కోసిగి అవతల కుంగిన నేల

కోసిగి అవతల సోలార్ ప్లాంటుకు తీసుకున్న భూమిలో నడుస్తున్నాను. యంత్రాలు దిగకముందే ఆ నేలలో పాతకాలపు ఆనవాళ్ళు ఏమైనా ఉన్నాయేమో చూసి చెప్పడం పురావస్తు శాఖలో నా ఉద్యోగం. మిరప కోతలకు ఊళ్ళో సగంమంది గుంటూరు వైపు వెళ్ళిపోయిన రోజులు. పొలాల్లో మనిషి అలికిడి లేదు. గుట్ట వాలులో, కంపచెట్ల మధ్య, పెద్ద రాతి గుండ్లు వలయంగా పేర్చి కనిపించాయి. అటువంటి వలయాల కింద రాతి పలకలతో కట్టిన గదులుంటాయి. ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన కాలంలో చనిపోయినవాళ్ళను వాటిలో ఉంచేవారు. సంబరంగా ఫోటోలు తీసుకుంటుంటే జేసీబీ చప్పుడు వినిపించింది.

నేను సరేనన్నాకే అది రావాలి. తిరిగి చూసేసరికి వాలు కింద ఉన్న ఇంకో వలయాన్ని అప్పటికే చదును చేసేసింది. గుండ్లన్నీ ఒక పక్కకు నెట్టేసి ఉన్నాయి. పరుగున పోయి బండికి అడ్డంగా నిలబడ్డాను.

డ్రైవరు ఆపాడు. పనులు చూసే సూపర్‌వైజరు దగ్గరికొచ్చి, "సాయంత్రానికి ఇదంతా చదును కావల్ల మేడం. పక్కకు జరగండి" అన్నాడు.

"ఇవి సమాధులప్పా. మా ఆఫీసుకు చెప్పేదాకా ముట్టుకోకూడదు."

ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

అంతలో ఆ భూమిని లీజుకిచ్చిన రైతు బైకు మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి. సంగతి విని నా మీదికి అరిచాడు.

"వీటిని పాండవుల గుళ్ళని మా తాత కాలం నుంచి అంటాండారు. ఇన్నేండ్లు ఒక్కరన్నా వచ్చి చూసినారా? వానల్లేక ఏసిన విత్తనం కూడా దక్కదు ఈడ. ఇప్పుడేదో దారి దొరికితే అడ్డం నిలబడతాండావే!"

కడప పక్కన మాదీ మెట్ట పొలమే. అయినా కదల్లేదు.

"బండి పోనీప్పా" అన్నాడు సూపర్‌వైజరు డ్రైవరుతో.

"మనిషి అడ్డముంటే నేను పోనీను" అని అతను దిగిపోయాడు. సూపర్‌వైజరు తనే ఎక్కి, నన్ను తప్పించి, పక్కనుంచి బండిని వలయంలోకి తిప్పాడు.

"ఆగప్పా! కింద బోలుగా ఉండాది!" అని గట్టిగా అరిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినపడలేదు.

కింద గదికి కప్పిన బండ ఫెళ్ళున పగిలింది. ముందు చక్రం నేలలోకి దిగబడి, బండి నా వైపు ఒరిగింది. వెనక్కి పడిపోయాను. దుమ్ములో ఏమీ కనిపించలేదు. రైతు, డ్రైవరు అవతలి వైపు నుంచి పైకెక్కి, తలుపు తెరిచి, సూపర్‌వైజరును చంకల కింద పట్టుకుని బయటికి లాగారు. దెబ్బలేమీ తగల్లేదు. కానీ అతను నేల మీద కూలబడ్డాడు. మంచినీళ్ళ సీసా ఇస్తే నెత్తిన పోసుకున్నాడు.

రైతు గుంత అంచున వంగి చూశాడు. పలకల గోడల మధ్య ఎరుపూ నలుపూ కలిసిన కుండలు, చక్రం కింద కొన్ని పిండై, పక్కన కొన్ని చెక్కుచెదరకుండా. మట్టిలో ఎముక ముక్కలు. అతను చెప్పులు విడిచి దూరంగా పెట్టాడు.

"ఆడమనిషా, మగమనిషా?" అని అడిగాడు మెల్లగా.

"ఎముకలు చూసేవాళ్ళు చెప్పల్లన్నా."

"దీంతో నా భూమి పోతాదా?"

పోదని చెప్పాలనిపించింది. కానీ, "గుండ్లున్న భూమి చెక్క మటుకు ఆపుతారు. ఎంతవరకో నాకు తెలీదు" అన్నాను.

అతను గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత సూపర్‌వైజరుతో, "ఇంక ఈడ చక్రం తిరగకూడదు. నేను చెప్తాండా" అన్నాడు. నన్ను బైకు మీద సిగ్నల్ దొరికే రోడ్డుదాకా తీసుకుపోయింది కూడా అతనే.

ఎండాకాలంలో తవ్వకం జరిగింది. మిగిలిన వలయాల చుట్టూ కంచె వేశారు. ఆ చెక్క లీజులోంచి పోయింది. గదిలో ఉన్న ఎముకలు ఒక ఆడమనిషివి, ఒక బిడ్డవి అని తేలినప్పుడు ముందుగా ఆ రైతుకే ఫోన్ చేశాను. "మంచిదమ్మా" అని పెట్టేశాడు. నేను ఫోన్ చేస్తే ఇప్పటికీ ఎత్తుతాడు. తనంతట తాను మాత్రం ఎప్పుడూ చేయలేదు.