జాగ మైసమ్మ

మా పర్శరాములు మామ ఒకసారి వరంగల్ స్టేషన్లో రైలింజనుకు బొట్టు పెట్టి, దాన్ని గంటసేపు కదలకుండా ఆపేశాడు. సరే, గంట కాదు. అది నీళ్ళు పట్టుకోవడానికి ఎలాగూ ఆగింది. కానీ బొట్టు మాత్రం నిజం. డ్రైవరు దిగి వచ్చి, ఏం చెయ్యాలో తోచక టోపీ తీసిన మాట ఇంకా నిజం.

మామకున్న జబ్బు అదొక్కటే. కనిపించినదానికల్లా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టడం. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మగ్గానికి బొట్టు పెట్టడం అక్కడ అందరూ చేసేదే. మామ మగ్గంతో ఆగేవాడు కాదు. రోలు, కడవ, తాళంచెవి, మంగలి కత్తి, మా బడి గంట, ఏదీ తప్పించుకోలేదు. ఓసారి అరుగు మీద కునుకు తీసిన వియ్యంకుడు లేచి చూసుకుంటే నున్నటి గుండు మీద అడ్డంగా మూడు విభూతి గీతలు, మధ్యలో బొట్టు!

"ఇదేంది బావా?" అని ఆయన లబలబలాడాడు.

"నిద్రల శివలింగం లెక్కనే కనవడ్డవు. ఊకుంటె పాపం గాదా?" అన్నాడు మామ.

ఆ ఇంట్లో పప్పు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. మా అత్త రాజవ్వ గరిటె పట్టుకుని రోజూ అరిచేది: "పసుపంత రాళ్ళకు వాయె, రప్పలకు వాయె! కూరల నా బొంద వెయ్యాల్నా?"

"దేవుడు తిన్నడనుకోవే" అనేవాడు మామ, తెల్లపప్పు జుర్రుకుంటూ.

పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి. నేను కాన్వెంటులో చదివేవాణ్ణి. మా బడి నడిపే మదర్ గారి సైకిలు కొత్తవాడకు వచ్చిందంటే, బొట్టు లేకుండా తిరిగి వెళ్ళేది కాదు. ఒకనాడు ఆవిడ మామను పట్టుకుని, వచ్చీరాని తెలుగులో నిలదీసింది.

"మీకు దేవుళ్ళు ఎంతమంది?"

"పసుపు ఎంతుంటె అంతమంది, తల్లీ."

"సైకిలు కూడా దేవుడా?"

"ఏమో. రోజూ మిమ్ముల మోస్తాంది గద. మోసేటిదానికి మొక్కొద్దా?"

 మర్నాడు మదర్ సైకిలంతా తళతళలాడేలా తుడిపించింది, బొట్టు తప్ప.

మా వాడ మూలమలుపులో చిలుకమ్మ అనే ముసలామె కూరగాయలు అమ్మేది. ఆమె ఆస్తల్లా రెండు గంపలు, ఒక తక్కెడ, తూకానికి ఒక నల్లటి శేరు రాయి. ఆమె వెనక ధాన్యం వ్యాపారి కిషన్ రావు కొత్త దుకాణం కట్టాడు. మెట్లు సరిగ్గా ఆమె కూర్చునే చోటికే రావాలట. "రేపు పొద్దుగాల లేచిపోవాలె" అని చెప్పి వెళ్ళాడు.

చిలుకమ్మ మామ దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "పెండ్లయిన కాడికెల్లి ఈడనే కూసున్న బిడ్డా. ఈ జాగ పోతె నా బేరం యాడిది? నా బువ్వ యాడిది?"

"ఫికర్ జెయ్యకు అవ్వా" అన్నాడు మామ, తక్కెడ వైపు అదోలా చూస్తూ.

తెల్లవారి కిషన్ రావు, కూలీ కొమురెల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చి, నోరు తెరిచి నిలబడ్డాడు. చిలుకమ్మ చోటులో పచ్చగా పసుపు పూసిన రాయి, కుంకుమ, రెండు వేపరెమ్మలు, కొబ్బరిచిప్ప. పక్కన చేతులు కట్టుకుని మామ. కొమురెల్లి గడ్డపార కింద పడేసి దండం పెట్టేశాడు.

"ఏందిరా ఇది?"

"మైసమ్మ, దొరా" అన్నాడు మామ.

"నిన్నటిదాక లేదు గద! గింత చిన్నగున్నదేంది?"

"ఇప్పుడే పుట్టె. పెరుగుతది, దొరా."

"ఏ మైసమ్మ?"

"జాగ మైసమ్మ. ఎవల జాగల వాళ్ళను కూసుండవెట్టే తల్లి. ఒకలను లేపితె మాత్రం ఊకోదు."

కిషన్ రావు పళ్ళు కొరికాడు. "కొమురెల్లీ! గడ్డపార అందుకో!"

కొమురెల్లి వంగాడు, చూశాడు, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. "ఎట్ల అందుకోవాలె దొరా? దానికి గూడ బొట్టు వెట్టిండు."

అప్పటికే వాడకట్టంతా పోగై చేతులు జోడించింది. ఒక్కడే చెప్పులతో నిలబడటం బాగుండదని కిషన్ రావు కూడా చెప్పులు విడిచాడు. మెట్లు అవతలి పక్కకు జరిగాయి. నెల తిరక్కుండా మైసమ్మకు రేకుల నీడ వెలిసింది. తల్లికి రోజూ స్నానం చేయించడానికి ఒక మనిషి కావాలిగా? అందుకని ఆ నీడలోనే చిలుకమ్మ, ఆమె గంపలు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. మైసమ్మ వెలిసిన పొద్దుననే మొదటి బేరం శేరు వంకాయలు అడిగింది. చిలుకమ్మ గోనెసంచి కింద వెతికింది, గంప వెనక వెతికింది. "నా శేరు రాయి యాడవాయె?" అంటూనే మైసమ్మ వైపు చూసి, నాలుక కరుచుకుని, చెంపలు వేసుకుంది.

అప్పటినుంచి ఆమె దగ్గర తూకం లేదు, కుప్పలే. ఆమె చెయ్యి పెద్దది కాబట్టి కుప్పా పెద్దదే. బేరం రెట్టింపయింది. ఇదంతా తన దుకాణం ముందున్న తల్లి మహిమేనని కిషన్ రావు ఊరంతా చెప్పుకునేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత మామను కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, నా చేతిలో పెన్ను లాక్కుని, దాని నెత్తిన బొట్టు పెడుతూ అన్నాడు:

"అంత అబద్ధం. నేను జన్మల ఒక్క రాయికి గూడ బొట్టు వెట్టలే."