కోళ్లషెడ్డు కరెంటు

ఆర్డిత్ కెస్లర్ సౌరవిద్యుత్తు గురించి రాష్ట్ర శాసనసభలో మొట్టమొదట మాట్లాడింది జింకల వేట కమిటీ ముందు. విచారణ గది మార్చినట్టు తలుపుకి కాగితం అంటించారు గాని, తలుపు బార్లా తీసి ఉండటంతో అది గోడవైపుకి తిరిగిపోయింది. ఆవిడ లోపలికెళ్లి చీటీ ఇచ్చి, పేరు పిలవగానే లేచి, రాసుకొచ్చిన మూడు నిమిషాల మాటా చదివేసింది. ఎవరూ అడ్డు రాలేదు. చివర్లో ఒక సభ్యుడు, "ఆ సోలార్ పలకల వల్ల జింకలకేమైనా ఇబ్బందా మేడమ్?" అని మర్యాదగా అడిగాడు.

"మావి కోళ్లషెడ్డు మీదున్నాయండీ. జింకలింకా అక్కడిదాకా ఎక్కలేదు."

ఆయన అది రాసుకున్నాడు. వెనక వరసలో పొరుగింటి డోరీన్ తన అల్లికని మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆర్డిత్ ముప్పయ్యొక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. మొక్కజొన్న చేల మధ్య బస్సు ఆపి ఎర్రలైట్లు వెలిగించిందంటే రోడ్డుకి రెండువైపులా ఎంతటివాడి బండైనా నిలబడాల్సిందే. ఆఖరి పిల్ల దాటేదాకా కదలడానికి లేదు. ఓసారి కదిలిన సొంత మరిది బండి నంబరే షెరీఫుకి రాసిచ్చింది. ఆ ఏడు థాంక్స్‌గివింగ్ విందుకి మరిది రాలేదు. "టర్కీ కోడి మిగిలింది" అంది, అంతే.

రిటైరయ్యాక షెడ్డు మీద పలకలు వేయించింది. ఎండాకాలం మిగిలిన కరెంటు లైన్లోకి పోతుంది, మంచు పడ్డాక అంతే కరెంటు వెనక్కొచ్చి ఇల్లు వెచ్చగా ఉంచుతుంది. ఇప్పుడు కరెంటు కంపెనీ కోరి శాసనసభలో పెట్టిస్తున్న బిల్లు ప్రకారం, ఇచ్చినదాంట్లో పావు వంతే తిరిగొస్తుంది.

"జూలైలో పక్కింటికి డజను గుడ్లిచ్చి, జనవరిలో మూడు తెచ్చుకోవడమన్నమాట" అంది డోరీన్‌తో. "పైగా దాని పేరు న్యాయమైన ధరల బిల్లట."

ఇవాళ దాన్ని విచారిస్తున్న విద్యుత్తు కమిటీని దాటిందంటే ఇక ఆపేవాళ్లు లేరు.

అసలు గది వెతుక్కుని వెళ్లేసరికి కంపెనీ వకీలు మాట్లాడుతున్నాడు. బల్ల మీద, మాట్లాడేవాళ్ల సమయం కొలిచే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్ల పెట్టె ఒకటుంది. అతను మాట్లాడిన నలభై నిమిషాల్లో అందులో ఏదీ వెలగలేదు. సభ్యులు అతన్ని ముద్దుపేరుతో పిలుస్తూ నవ్వుకున్నారు. గోడల వెంట అరవై రెండు మంది జనం, పనులు మానుకుని వచ్చినవాళ్లు, చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

చైర్మన్ గడియారం చూశాడు. "భోజనాల వేళ దాటుతోంది. ఇక మీకు తలా ఒక్క నిమిషం."

మొదట లేచింది ఒక పాడిరైతు. ఆవుల్ని వేరేవాళ్లకి అప్పజెప్పి మూడు గంటలు బండి నడుపుకొచ్చాడు. వాక్యం మధ్యలో ఎర్రలైటు వెలిగింది. ఆయన కాగితం మడుచుకుని "థాంక్యూ సర్" అని కూర్చున్నాడు. ఆ థాంక్యూ విన్నాక ఆర్డిత్ చెవులు వేడెక్కాయి. గొంతు కోసినవాడికి నమస్కారం పెట్టే మర్యాద ఎవరు నేర్పారు వీళ్లకి? తనకి నేర్పినవాళ్లే.

"జింకలకి మూడు నిమిషాలిచ్చారు" అంది డోరీన్‌తో.

"గొడవ పెట్టుకోకే ఆర్డిత్. గార్డు మనవైపే చూస్తున్నాడు."

"చూడనీ. వాడికి మాత్రం వేరే పనేముంది?"

మైకు దగ్గర ఆవిడ కాగితం తియ్యలేదు.

"ఆ వకీలుగారికి ఈ లైటెందుకు వెలగలేదో ముందు చెప్పండి."

"బిల్లు గురించి మాట్లాడండి మేడమ్."

"బిల్లు గురించే. డజను తీసుకుని మూడిస్తామంటున్నారు. నలభై నిమిషాలు ఆయనకిచ్చి ఒక్కటి మాకిస్తున్నారు. రెండూ ఒకే చెయ్యి రాసినట్టుంది. ఆ పాలాయన మీకు థాంక్స్ చెప్పాడు. నేను చెప్పను."

పసుపు వెలిగింది. ఎరుపు వెలిగింది. ఆవిడ గుడ్ల లెక్క మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. గోడల దగ్గర జనం నిటారుగా నిలబడ్డారు. పాడిరైతు మడిచిన కాగితం మళ్లీ విప్పాడు.

చైర్మన్ సుత్తితో బల్ల మీద కొట్టాడు. "మేడమ్, ఎర్రలైటు వెలిగి చాలాసేపైంది. మీకు కనబడటం లేదా?"

"కనబడింది బాబూ, ముప్పయ్యొక్క ఏళ్లు దాన్ని వెలిగించిందాన్ని, మావాళ్లంతా దాటేదాకా ఆగాల్సింది మీరు."